దూరం రెండింతలు... బహుమతి ఇరవై రెట్లా?

నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ల కోసమే ఒక దారి వేశారు. 2023 అక్టోబరు 1న మొదలైంది. పైన కప్పు, కప్పు మీద కరెంటునిచ్చే సోలార్ పలకలు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. ఒకసారి వెళ్లి వచ్చేసరికే మనలాంటి వాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి. అదే నాలుగుసార్లు వెళ్లి వస్తే 116 కిలోమీటర్లు. సరిగ్గా అంత దూరాన్ని, అదీ బురదపట్టిన రాళ్ల దారుల్లో, మూడు గంటలలోపే తొక్కేసింది ఓ పసిపిల్ల తల్లి!

ఆమె పేరు లిజీ డేగ్నన్. సైకిల్ తొక్కడమే ఆమె ఉద్యోగం. 1988లో ఇంగ్లండులోని ఓట్లీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. 2004లో సైక్లింగ్ సంఘం వాళ్లు పిల్లల్ని ఎంపిక చేయడానికి ఆమె చదివే స్కూలుకొచ్చారు. అలా మొదలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వానలో తడుస్తూ వెండి పతకం, 2015లో ప్రపంచ ఛాంపియన్ పదవి. 2016లో తనలాగే సైకిల్ పోటీల్లో పాల్గొనే ఐర్లండు కుర్రాడు ఫిలిప్‌ని పెళ్లాడింది.

2018లో లిజీ నెల తప్పింది. ఇంక ఈమె పని అయిపోయిందనుకునే సమయం కదా! కానీ కొత్తగా మహిళా జట్టు పెడుతున్న ట్రెక్ కంపెనీ, ఆమె గర్భవతి అని తెలిసే ఉద్యోగం ఇచ్చింది. సెప్టెంబరులో పాప ఓర్లా పుట్టింది. మరి పాపనెవరు చూస్తారు? భర్త ఫిలిప్ తన పోటీలు మానేసి పాప పనులు అందుకున్నాడు. మన ఇళ్లలో ఇలాంటి మాట అంటే పెద్దవాళ్లు ఏమంటారో మీకు వేరే చెప్పాలా! తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2019 జూన్‌లో, లిజీ బ్రిటన్‌లో జరిగే పెద్ద మహిళా పోటీ గెలిచింది.

ఇక అసలు సంగతి. ఫ్రాన్సులో ప్యారిస్–రూబే అని ఒక పోటీ ఉంది. మగవాళ్లకి 1896 నుంచీ జరుగుతోంది. ఆడవాళ్లకి మొదటిసారి పెట్టింది 2021 అక్టోబరు 2న. ఆ దారిలో దాదాపు 29 కిలోమీటర్లు, అంటే మన నార్సింగి–కొల్లూరు రానూపోనూ అంత, పాతకాలపు రాళ్లు పరిచిన బాటలే. పొడిగా ఉంటేనే ఒళ్లు హూనం. ఆ రోజు తడి, బురద.

నిజానికి లిజీ గెలవడానికి వెళ్లలేదు. జట్టులో ముఖ్యులైన మరో ఇద్దరికి సాయంగా వెళ్లింది. పెళ్లింట్లో అందరికీ వడ్డించి చివర్లో కూర్చునే మనిషి ఉంటుంది చూడండి, అలాంటి పని. తీరా ఇంకా 82 కిలోమీటర్లు ఉండగానే ముందుకు వెళ్లిపోయింది, వెనక ఎవరూ రాలేదు. చివరిదాకా ఒంటరిగానే తొక్కింది. రాళ్ల మీద సైకిల్ పక్కకి జారిపోతుంటే పట్టుకుని నిలబెట్టింది. అరచేతులు ఒలిచిపోయి హ్యాండిలంతా నెత్తురు! గెలిచినవాళ్లకి ఇచ్చేది కప్పు కాదు, ఆ దారిలోని రాయి లాంటి రాయే. మన రుబ్బురోలు పొత్రంలా రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

రాయితో పాటు ఇచ్చిన డబ్బు 1,535 యూరోలు. మగవాళ్లలో గెలిచినవాడికి 30,000. అప్పటి లెక్కన మన డబ్బులో ఈమెకి లక్షా ముప్ఫై వేలు, అతనికి పాతిక లక్షల పైన. మగవాళ్లు ఎక్కువ దూరం తొక్కుతారు కదా అనేవాళ్లున్నారు. నిజమే, 257 కిలోమీటర్లు. ఇంటి ఖర్చులు రాసుకునే వాళ్లం, మనకి లెక్క తెలీదా? దూరం రెండింతల పైచిలుకు, డబ్బు ఇరవై రెట్లకు దగ్గర! ఆ తేడాని ట్రెక్ జట్టే తన జేబులోంచి పూడ్చింది.

అసలు పెద్ద మహిళా జట్లలో కనీస జీతం అంటూ ఒకటి వచ్చిందే 2020లో. దానితోపాటే ప్రసూతి సెలవు కూడా: మూడు నెలలు పూర్తి జీతం, తర్వాత ఐదు నెలలు సగం. లిజీకి 2022లో రెండో బిడ్డ పుట్టింది, మళ్లీ పోటీలకు వచ్చింది. 2025లో మూడో కాన్పు ముందు ఆట నుంచి విరమించుకుంది.

నార్సింగి వైపు సైకిల్ తీసేవాళ్లకి ఒక మాట. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. లిజీ ఆ రోజు వేసుకోలేదు.