సెల్‌ఫోన్ సందేశమునకు శీర్షిక వ్రాయుట ఎట్లు?



మీ గ్రామములో రైతుల వాట్సాప్ గ్రూపు ఒకటి తప్పక ఉండియుండును. దానిని నడుపువారు మీలోనే చదువుకొన్న యువకులు. పైరులో పురుగు కనిపించినను, వాన వచ్చు సూచన ఉన్నను, ఎరువుల ధర మారినను మొదట ఆ గ్రూపులోనే వార్త పడుచున్నది. వ్యవసాయశాఖ ఉద్యోగులమైన మేమును మా సలహాలను అందులోనే పంపుచున్నాము. అయితే ఆ సందేశమును ఎందరు చదువుచున్నారు? చదివినవారు ఏమి చేయుచున్నారు? ఇది చాలవరకు దాని మొదటి పంక్తిపై, అనగా శీర్షికపై, ఆధారపడియున్నది. శీర్షిక వ్రాయుటలో నేను చేసిన పొరపాటును, దానివలన తెలిసికొన్న సంగతులను గ్రూపులు నడుపు యువరైతులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పూర్వము ఊరిలో ఏదైన కబురు తెలుపవలసివచ్చినచో దండోరా వేయించెడివారు. జనము అరుగులమీదికి వచ్చువరకే డప్పు పని. ఆ తరువాత చాటింపువాడు చెప్పు మొదటి మాటలోనే ఎవరికి, ఏమి, ఎప్పటిలోగా అన్నది తేలిపోవలెను. "రేపు పొద్దున కాలువ కట్టేస్తారహో" అనినచో చాలును. నారుమడి తడుపుకొనవలసినవాడు పార భుజమున వేసికొని అప్పుడే బయలుదేరెడివాడు. నేడు మనకు వచ్చు సందేశములు పెక్కింటిలో డప్పు చప్పుడు మిగిలినది గాని, కబురు పోయినది.

నేను చేసిన పొరపాటు

2018వ సంవత్సరములో కత్తెర పురుగు మన దేశమున మొదటిసారిగా కర్ణాటకలో కనిపించి, కొద్ది మాసములలోనే మన మొక్కజొన్న చేలకు వ్యాపించినది. అప్పుడు నేను డెల్టా ప్రాంతపు మండలమొకదానిలో పనిచేయుచుంటిని. అక్కడ వరి కోసిన మాగాణిలో దుక్కి దున్నకయే మొక్కజొన్న విత్తుదురు. 2019 జనవరిలో ఒక చేనిలో ఈ పురుగును చూచిన వెంటనే, ఉత్సాహము కొద్ది గ్రూపులన్నింటికి ఇట్లు పంపినాను:

"అత్యవసరం! మొక్కజొన్నపై మహమ్మారి దాడి! తక్షణం మందు కొట్టకపోతే పంట సర్వనాశనం!"

దాని క్రింద సలహా అంతయు సక్రమముగనే వ్రాసినాను. పురుగును గుర్తించు విధము, పైరు వయస్సును బట్టి చేయవలసిన పని, మందు మోతాదు అన్నియు అందులో ఉన్నవి.

రెండు రోజుల తరువాత పొలములకు వెళ్ళినాను. ఒక పెద్ద రైతు చేను అప్పటికే జల్లు తొడిగి, కండెలు పట్టుచున్నది. గట్టుమీద ఖాళీ సీసాలు రెండు పడియున్నవి. "ఏవో గారూ, కొట్టకపోతే పంట పోద్దని మీరే పెట్టారు గదండీ. కొట్లో రెండు మందులు కలిపి ఇచ్చారు. నిన్ననే కొట్టించాను" అని ఆయన ఎంతో నమ్మకముతో చెప్పినారు. జల్లు వేసిన తరువాత ఈ పురుగుపై రసాయన మందు చల్లుట ఖర్చుకు తగినది కాదు. ఆ మాట నా సందేశములో పదునొకండవ పంక్తిలో ఉన్నది.

ఆ ప్రక్క చేను ఒక రైతమ్మది. పైరు వయస్సు ఇరువది రోజులు. ఆకులపై అడ్డముగా వరుస చిల్లులు, సుడిలో రంపపు పొట్టువంటి రెట్ట, విప్పి చూడగా లోపల పురుగు. "మందు కొట్టలేదేమమ్మా?" అని అడిగినాను. "మా అబ్బాయి చదివి పెట్టాడు బాబూ. మహమ్మారి అంటే పెద్ద రోగమేదో అనుకున్నా. మా చేలో ఊరికే చిల్లులే గదా" అని ఆమె బదులు చెప్పినది.

చూచితిరా! ఒక్క శీర్షిక అక్కర లేనివారిచే మందు కొట్టించినది. అక్కర ఉన్న ఆమెను ఊరకుంచినది. ఆ సీసాల వెల ఎవరు తిరిగి ఇచ్చెదరు? నాకు చాల సిగ్గు వేసినది. ఆ రాత్రియే శీర్షికను మార్చి మరల పంపినాను:

"మొక్కజొన్న 30 రోజుల లోపు పైరు: ఆకులపై వరుస చిల్లులు, సుడిలో పొట్టు ఉన్నాయేమో రేపు ఉదయం చూడండి"

ఇందులో భయపెట్టు మాట లేదు. పైరు పేరు ఉన్నది, వయస్సు ఉన్నది. కంటికి కనిపించు గుర్తు ఉన్నది, చేయవలసిన పని ఉన్నది. కండె పట్టిన చేను గల రైతు ఇది తనకు కాదని వెంటనే గ్రహించును. శీర్షిక రైతును పొలములోనికి పంపవలెను గాని, తిన్నగా మందుల దుకాణమునకు పంపరాదు. పొలము చూచి పురుగును కన్నవాడు క్రింది పంక్తులను తానే శ్రద్ధగా చదువుకొనును. తలపై తిరగబడిన వై ఆకారపు గుర్తు, తోక వద్ద చతురస్రముగా నాలుగు నల్లని చుక్కలు ఉన్నచో అది కత్తెర పురుగే. గ్రుడ్లు, చిన్న పురుగులు ఉన్నప్పుడు 1500 పి.పి.ఎం. వేపమందు లీటరు నీటికి 5 మి.లీ.; పురుగు ఎదిగినచో ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాము చొప్పున సుడిలో పడునట్లు పిచికారి చేయవలెను. ఇవి శీర్షికలో ఇరికించవలసిన సంగతులు కావు.

ఫోను చూపునది కొద్ది మాటలే

సందేశము వచ్చినప్పుడు ఫోను పైభాగమున కనిపించునది ఒకటి రెండు పంక్తులు మాత్రమే. పొడవైన సందేశమును వాట్సాప్ మధ్యలో మడిచి, మిగిలినది తెరచి చదువుకొనుమనును. కనుక పైరు పేరు, దశ మొట్టమొదటనే రావలెను. ఇక మా శాఖవారి అలవాటు చూడుడు: "మండల వ్యవసాయాధికారి కార్యాలయము నుండి రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టుదుము. ఏమనగా అనునప్పటికే కనిపించు చోటు అయిపోవును! సంతకము చివర పెట్టినను మర్యాదకు లోటు లేదు. శీర్షికకు రెండు కొసల నక్షత్రపు గుర్తు పెట్టినచో అక్షరములు లావుగా కనిపించును. అంతకు మించిన అలంకారము అక్కరలేదు. ఎర్ర దీపముల బొమ్మలు, వరుసగా ఆరు ఆశ్చర్యార్థకములు పెట్టువారున్నారు. "నాన్నా పులి" కథ మనమందరము ఎరిగినదే. నెలకు నాలుగుసార్లు "అత్యవసరం" అని పంపిన గ్రూపులో, అయిదవసారి నిజముగనే అవసరము వచ్చినప్పుడు ఎవ్వరును తెరచి చూడరు.

పురుగు పేరు రైతు నోట ఉన్నట్లే వ్రాయవలెను. "బి.పి.హెచ్. ఉధృతి" అని పంపినచో ఎవరికి అర్థమగును? దోమపోటు అనుడు. శీర్షికను ప్రశ్నగా వ్రాయదలచినచో, పొలములోనికి వెళ్ళి జవాబు తెచ్చుకొనదగిన ప్రశ్నయే వేయవలెను. "ఈనిన వరి: దుబ్బుకు దోమలు 20 దాటాయా? మొదట్లో తట్టి లెక్కించండి" అన్నది మంచి శీర్షిక. ఈనిక దశలో దుబ్బుకు 20 నుండి 25 దోమలు ఉన్నప్పుడే మందు అవసరము. పిలక దశలో ఆ లెక్క 10 నుండి 15. "దోమను తరిమికొట్టే ఈ రహస్యం మీకు తెలుసా?" అన్నది మాత్రము శీర్షిక కాదు, గాలము. అట్టివి పంపువారికి కావలసినది మీ పంట కాదు, మీ చూపు. ఒక్క మందుతో అన్ని తెగుళ్ళును పోవుననియు, చూస్తే ఆశ్చర్యపోతారనియు వచ్చువానిని ముందునకు పంపకుడు. పెక్కుసార్లు చేతులు మారిన సందేశముపై రెండు బాణపు గుర్తులు కనిపించును. 2020 ఏప్రిల్ నెలలో వాట్సాప్ సంస్థ అట్టివానిని ఒకసారికి ఒక్కచోటికే పంపునట్లు కట్టడి చేసినది.

తేదీ మరువరాదు

ముందునకు పంపిన సందేశముతో దాని అసలు తేదీ రాదు. అందుచేత పోయిన ఏటి వాన ఈ ఏడును కురియుచుండును! 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు, డెల్టాలో వరి కొంత కోతకు సిద్ధముగను, కొంత పనలమీదను ఉన్నది. మరునాడు నేను పంపిన శీర్షిక ఇది:

"2023 డిసెంబరు 6. కోసిన వరి పనలు తడిసినవారికి: మొలకెత్తకుండా ఉప్పు నీరు చల్లండి, లీటరుకు 50 గ్రాములు"

ఇందులో తుపాను అను మాటయే లేదు. ఇంటి ముందర మోకాటిలోతు నీరు నిలిచినవానికి తుపాను వచ్చినదని మనము చెప్పవలెనా? ఆ వేళ ఆయనకు కావలసినది పనలను దక్కించుకొను ఉపాయము. ఇక్కడ మోతాదును శీర్షికలోనే చేర్చినాను, ఏలననగా ఉప్పు ప్రతి ఇంటను ఉన్నది, జాగు చేసినచో గింజ మొలకెత్తును. కత్తెర పురుగు విషయములో మోతాదును క్రిందనే ఉంచితిని గదా! అక్కడ ముందు పొలము చూడవలెను, ఇక్కడ చూడవలసినది ఏమియు లేదు.

శీర్షిక వ్రాసిన తరువాత పంపుటకు ముందు ఒక రైతుకు బిగ్గరగా చదివి వినిపింపుడు. నేను ఇప్పుడు ఆ పెద్ద రైతుకే ఫోను చేసి చదువుచున్నాను. "ఇది మాకేనాండీ? ఇప్పుడేనా?" అని ఆయన అడిగినచో ఆ శీర్షిక తిరిగి వ్రాయవలసినదే. ఒక్కొక్కసారి మూడుసార్లు వ్రాయించినారు.

చదువు రానివారికి గొంతుతో సందేశము పంపునప్పుడు కూడ ఇదే పద్ధతి. "హలో, హలో, అందరికీ నమస్కారం, వినబడుతోందా" అని మొదలుపెట్టకుడు. "నెల రోజుల లోపు మొక్కజొన్న ఉన్నవాళ్ళు వినండి" అని మొదలుపెట్టి, అర నిమిషములో ముగింపుడు. ఆ రైతమ్మకు ఇప్పుడు సందేశములను ఆ విధముగనే పంపుచున్నాము. అబ్బాయి బడి నుండి వచ్చువరకు ఆమె ఆగనక్కరలేదు.