వజ్రాన్ని కోసే కాంతితో అణువులోకి తొంగిచూపు

సూరత్‌లో లేజర్ అనగానే గుర్తొచ్చేది వజ్రాల కార్ఖానా. కాంతిని సన్నని మొనలా ఒకచోట కేంద్రీకరిస్తే అక్కడ వేడి పెరుగుతుంది. వజ్రం గ్రాఫైట్‌గా మారి ఆవిరవుతుంది, రాయి తెగుతుంది. లేజర్ కాంతినే అతి పొట్టి పల్స్‌లుగా మార్చితే, ఒక అణువులో ఎలక్ట్రాన్లు, పరమాణువులు ఎలా కదులుతున్నాయో తెలుసుకోవచ్చు.

పొట్టి అంటే ఎంత? ఇక్కడి కొలత ఫెమ్టోసెకను. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి. సుమారు 3.2 కోట్ల సంవత్సరాల్లో ఒక సెకను ఎంతో, ఒక సెకనులో ఫెమ్టోసెకను అంత.

ఒక మిల్లీజౌల్ శక్తి చాలా తక్కువ. ఒక గ్రాము బరువును పది సెంటీమీటర్లు పైకెత్తడానికి సరిపోతుంది. దాన్నే 10 ఫెమ్టోసెకన్లలో కుదించి వదిలితే, ఆ క్షణానికి దాని సామర్థ్యం 10,000 కోట్ల వాట్లు. ఇంత తీవ్రమైన పల్స్ లేజర్ పరికరాన్నే పాడుచేస్తుంది. అందుకే ముందు దాన్ని కాలంలో సాగదీసి, శక్తి పెంచి, చివర్లో మళ్లీ కుదిస్తారు. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ చూపిన ఈ పద్ధతికి 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి కాంతి తాకినప్పుడు అణువుకు ఏమవుతుంది? ఎలక్ట్రాన్‌ను కేంద్రకాల ఆకర్షణ ఒక గోడలా ఆపి ఉంచుతుంది. తీవ్రమైన కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఆ గోడను ఒకవైపు వంచి పలుచన చేస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్ గోడ ఎక్కకుండానే అవతలికి చేరగలదు. దీన్నే క్వాంటం టన్నెలింగ్ అంటారు. కాంతి తరంగం దిశ మారగానే కొన్ని ఎలక్ట్రాన్లు వెనక్కి వచ్చి తమ అయాన్‌నే ఢీకొంటాయి. ఆ ఘటనలో పుట్టే కాంతి నుంచి ఫెమ్టోసెకనులో వెయ్యో వంతైన అట్టోసెకను స్థాయి పల్స్‌లు వస్తాయి. వాటిపై ప్రయోగాలకే 2023 భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

మన దేశంలోనూ ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లూ ఆక్సిజన్‌తోనే కట్టుబడి ఉంటాయి, వాటి మధ్య బంధం లేదు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దీపక్ మాథుర్ బృందం సుమారు 10 ఫెమ్టోసెకన్ల పల్స్‌లను నీటి ఆవిరిపై ప్రయోగించింది. బయటికొచ్చిన ముక్కల్లో రెండు హైడ్రోజన్‌లు జతకట్టిన అయాన్ కనిపించింది. 2009లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం ఒక్కసారి సాగి ముడుచుకోవడానికే సుమారు 9 ఫెమ్టోసెకన్లు పడుతుంది. అంటే దాదాపు ఒక్క ఊపులో పరమాణువులు కొత్త జతను వెతుక్కున్నాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంత బలమైన కాంతి అణువును చూపించడంతో ఆగదు, దాన్ని మార్చేస్తుంది కూడా. కాబట్టి కనిపించిన దానిలో అణువు స్వభావమెంత, కాంతి బలవంతమెంత అన్నది లెక్కలతో విడదీయాలి. పల్స్ నిడివిని, తీవ్రతను మార్చుతూ ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేసేది ఇందుకే.

ఈ శ్రమ ఎందుకంటే, మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. రేడియేషన్ ఆ నీటి అణువులను విరిస్తే, ఆ ముక్కలు డీఎన్ఏను దెబ్బతీయగలవు. ఆ నష్టానికి తొలి అడుగు పడేది ఫెమ్టోసెకన్లలోనే. దాన్ని అడ్డుకునే దారి వెతకాలన్నా, ముందు ఆ అడుగు ఎలా పడుతుందో చూడగలగాలి.