కార్యకలాపాల నిర్వహణ – పోటీలో ఆధిక్యం: అరవింద్ కంటి ఆసుపత్రి పద్ధతి

సంస్థల విజయానికి మూలధనం, సాంకేతికత, ప్రచారం కారణాలని సాధారణంగా భావిస్తారు. పని ఏ క్రమంలో, ఎవరి చేత, ఎంత వ్యవధిలో జరుగుతున్నదన్న విషయం కింది స్థాయి బాధ్యతగా మిగిలిపోతుంది. ఈ ఉపేక్షను వికమ్ స్కిన్నర్ 1969లోనే విమర్శించి, ఉత్పత్తిని వ్యూహంలో అంతర్భాగంగా చూడాలన్నారు. మైకేల్ పోర్టర్ 1996లో దీనికి ఒక హద్దు గీశారు. పనిలో సామర్థ్యం ఒక్కటే వ్యూహం కాదనీ, మేలైన పద్ధతులను ప్రత్యర్థులు త్వరగా అనుకరిస్తారనీ ఆయన వాదం. ఈ రెండు అభిప్రాయాలను పరీక్షించడానికి మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి తగిన ఉదాహరణ.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగ విరమణానంతరం 1976లో 11 పడకలతో దీనిని ప్రారంభించారు. శుక్లాల వల్ల పోయిన చూపును శస్త్రచికిత్సతో తిరిగి తేవచ్చు. కొరత ఉన్నది శస్త్రవైద్యుల సమయానికే. అందుచేత పని మొత్తాన్ని ఆ సమయం చుట్టూ అమర్చారు. ఒక వైద్యునికి రెండు బల్లలుంటాయి. ఒకదానిపై శస్త్రచికిత్స జరుగుతుండగానే రెండవదానిపై మరొక రోగిని సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే వైద్యుడు సూక్ష్మదర్శినిని అటు తిప్పుకొంటాడు. చూపు పరీక్ష, కంటి కొలతలు, రోగికి సలహాలు మొదలైనవి శిక్షణ పొందిన సహాయక సిబ్బంది చూసుకుంటారు. వీరిలో ఎక్కువమంది గ్రామీణ యువతులు. వెంకటస్వామికి మెక్‌డొనాల్డ్స్ స్ఫూర్తినిచ్చిందన్నది ప్రసిద్ధమే. అయితే ఆ పోలికను సాగదీయడం సరికాదు. బర్గర్లన్నీ ఒకటే, కళ్లు కావు. ఇక్కడ ఒకే మూసలోకి తెచ్చింది వైద్యుని నిర్ణయాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న పనిని.

బల్లలు రెండున్నా రోగులు రాకపోతే ప్రయోజనం లేదు. చికిత్స ఉచితమైనా ప్రయాణం, భోజనం ఖర్చులకు వెరసి పేదలు రాలేకపోయారు. అందుకే గ్రామాల్లో శిబిరాలు పెట్టి, ఆ ఖర్చులనూ ఆసుపత్రే భరించింది. దిగుమతి కటకాల ధర అడ్డు కావడంతో 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి తక్కువ ధరకు కటకాలు తయారుచేసింది. రుసుము చెల్లించే రోగుల ఆదాయం ఉచిత చికిత్సకు ఆధారమైంది.

రెండు బల్లల పద్ధతిని ఏ ఆసుపత్రి అయినా అనుకరించవచ్చు. శిబిరాలు, శిక్షణ, కటకాల తయారీ లేకుండా తెచ్చిపెట్టుకుంటే రెండవ బల్ల ఖాళీగా ఉంటుంది. పోర్టర్ అభ్యంతరానికి సమాధానం ఈ అంగాల పరస్పర బంధంలోనే ఉంది. విచిత్రమేమిటంటే అది పోర్టర్ స్వయంగా చెప్పిన మాటే. అయితే 'ఆధిక్యం' అన్న పదం ఇక్కడ కొంత ఇరుకవుతుంది. ప్రత్యర్థుల నుంచి దాచుకోవలసిన ఈ పద్ధతిని అరవింద్ 1992లో ఏర్పడిన తన శిక్షణ సంస్థ లైకో ద్వారా ఇతర ఆసుపత్రులకు నేర్పుతున్నది.