గురి ఖరీదెంత?

కడప జిల్లాలో తుపాకీ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఫ్యాక్షన్ సినిమాలే. అలాంటి చోట పెండ్లిమర్రిలోనో ప్రొద్దుటూరులోనో ఎనిమిదో తరగతి పిల్లాడు ‘నాయనా, రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటా’ అంటే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న... ఎందుకు? రెండోది... ఎంతవుతుంది?

మొదటి ప్రశ్నకు మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఎప్పుడో జవాబిచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రెండో ప్రశ్నకు జవాబూ ఆ ఇంట్లోనే ఉంది. కొడుక్కి రైఫిల్ కొనడానికి తల్లిదండ్రులు ఇంటిస్థలం అమ్ముకున్నారు. అద్దె ఇంట్లోనే ఉండిపోయారు. అయితే ఈ దారిలో నడిచే ప్రతి కుటుంబమూ స్థలం అమ్ముకోనక్కర్లేదు. ఏది ముందు కొనాలో, ఏది ఆగి కొనాలో తెలిస్తే చాలు!

తొలి అడుగు 10 మీటర్లే

దూరం కాల్చాలంటే ముందు దగ్గర్లో గురి కుదరాలి. 50 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు కావాలి. సాధారణంగా 21 ఏళ్లు నిండనిదే అది రాదు. ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి, డబ్బూ పెట్టాలి. ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. గుండు సైజు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జూళ్ల లోపు ఉన్నవాటికి 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. మ్యాచ్ రైఫిళ్ల శక్తి సుమారు 8 జూళ్లే.

ఇక గురి సంగతి. 10 మీటర్ల కార్డు మీద ‘పది’ చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. వాటి వరసలో పదోవంతు మిల్లీమీటరు తేడా వస్తే, కార్డు మీద గుండు 1.25 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అదే తేడా 50 మీటర్ల దగ్గర 6 మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా ఈ పోటీల్లో రైఫిల్‌కి టెలిస్కోపు ఉండదు. అందుకే తుపాకీ కంటే ముందు నిలబడటం, ఊపిరి పట్టడం, ట్రిగ్గర్ నొక్కడం నేర్పిస్తారు.

వరస తప్పొద్దు

జేబు చూసుకుని అడుగేసే ఇంటికి పనికొచ్చే వరస ఇది.

మొదటి కొన్ని నెలలు ఏమీ కొనొద్దు. శిక్షణ కేంద్రంలో ఉండే రైఫిల్‌తోనే కాల్చాలి. పిల్లాడికి నిజంగా ఇష్టముందా, మూడు రోజుల ముచ్చటా అనేది అప్పటికి తేలిపోతుంది.

తర్వాత కొనాల్సింది జాకెట్టు, ప్యాంటు, బూట్లు. ఒంటికి సరిగ్గా అతకాలి. జాకెట్టు మందం 2.5 మిల్లీమీటర్లు దాటితే పోటీలో ఒప్పుకోరు. ఎదిగే పిల్లలకు త్వరగా బిగుతైపోతాయి కాబట్టి సీనియర్లు విడిచిన సెకండ్ హ్యాండ్‌వి వెతకడమే మేలు.

రైఫిల్ చివర్లో. విదేశీ మ్యాచ్ రైఫిల్ కొత్తదైతే రెండు లక్షల రూపాయలు దాటుతుంది. అందుకే వాడినదాన్ని చూసి కొనుక్కునేవాళ్లే ఎక్కువ. అలా కొనేటప్పుడు గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ తప్పక చూడాలి. అది దాటితే పోటీకి పనికిరాదు. పెద్ద కంప్రెసర్ అక్కర్లేదు, చేతిపంపుతోనూ గాలి నింపుకోవచ్చు.

పైసా ఖర్చులేని సాధన

గుండు వేయకుండా ట్రిగ్గర్ నొక్కే సాధననే ‘డ్రై ఫైరింగ్’ అంటారు. పెద్ద షూటర్లు కూడా రోజూ చేసేది ఇదే. ఇంట్లో 10 మీటర్ల జాగా లేకపోతే 5 మీటర్ల దూరంలో సగం సైజు కార్డు అంటించుకున్నా కంటికి అంతే కనిపిస్తుంది.

జాగ్రత్తలు మాత్రం మరవకూడదు. నిజం గుండు కాల్చాలంటే వెనక గట్టి అడ్డు, మనుషులు తిరగని చోటు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. గుండు లేదనుకుని కూడా ఎవరివైపూ గొట్టం తిప్పకూడదు. గుళ్లు సీసంతో చేసినవి కాబట్టి చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.

50 మీటర్ల కల కూడా మనవాళ్లకి అందనిదేం కాదు. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి కుర్రాడు స్వప్నిల్ కుశాలే రైల్వే ఉద్యోగం చేస్తూనే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ కాంస్యం తెచ్చాడు. ఆ విభాగంలో మనదేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం.

కాబట్టి ఇంట్లో పిల్లలు రైఫిల్ మాటెత్తితే వెంటనే కాదనకండి, వెంటనే కొనివ్వనూ వద్దు. ముందు గోడ మీద ఓ చిన్న చుక్క పెట్టి, చెయ్యి చాచి, దానివైపే కదలకుండా నిమిషంపాటు నిలబడమనండి. ఆర్నెల్ల తర్వాత కూడా రోజూ నిలబడుతుంటే... అప్పుడు రైఫిల్ ధర అడగొచ్చు!