ఇద్దరి మగ్గం

పోచంపల్లి నేత ఇళ్లలో కొత్త దంపతుల ఏడాది

ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి. ఆ నెల అత్తాకోడళ్లు ఒకే ఇంట ఉండకూడదన్న పట్టింపు తెలంగాణ పల్లెల్లో ఇంకా పోలేదు. వేరే ఇళ్లలో అది కొత్త జంటకు నెల్లాళ్ల ఎడబాటు. యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక వైపు నేత ఇళ్లలో మాత్రం ఆ నెల మగ్గం కుంటుపడుతుంది. ఆసు పోసేది ఆమె, చిటికి కట్టేది ఆమె, కండెలు చుట్టేది ఆమె. ఆమె బస్సెక్కాక అతను మగ్గం దిగి కండెలు చుట్టుకోవాలి, మళ్లీ ఎక్కి నెయ్యాలి. పూటకు నేసే జానెడు గుడ్డ బెత్తెడవుతుంది. పోనీ అక్కడ ఆమెకైనా విశ్రాంతి ఉంటుందా అంటే, ఆమె పుట్టిల్లూ చాలాసార్లు నేత ఇల్లే. తల్లి భుజం నొప్పి చూస్తూ కూర్చోలేక అక్కడి ఆసు ముందుకు చేరుతుంది.

నేతపని తెలిసిన ఇంటి నుంచే పిల్లను తెచ్చుకోవాలని పద్మశాలీ పెద్దలు ఒకప్పుడు పట్టుబట్టేవారు. మగ్గానికి ఇద్దరు కావాలన్న ఎరుక అందులో ఉంది. ఇప్పుడు మాట తిరగబడింది. ‘మగ్గం నేసేటోనికి పిల్లనియ్యం’ అంటున్నది నేతింటి ఆడపిల్లల తల్లిదండ్రులే. తల్లి ఏం పడిందో కూతురు చూసింది. కూతురికి అదే రాత వద్దనుకోవడంలో తప్పేముంది? హైదరాబాద్ ఎంతో దూరం లేదు. తోటివాళ్లు పొద్దున్నే బస్సెక్కి బట్టల దుకాణాలకు, కంపెనీలకు, అపార్టుమెంట్ల కాపలాకు వెళ్లిపోతున్నారు. అలాంటి రోజుల్లో ఇరవైల్లో ఉన్న ఒక జంట మగ్గం దగ్గరే ఉండిపోయిందంటే, అది బాగా ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయమే.

పోచంపల్లి పేరు లోకానికి కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిస్తానని లేచి నిలబడ్డది ఇక్కడే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఈ గౌరవాల వెనక ఉన్న పని ఎలాంటిదో చెప్పుకోవాలంటే ఆసు దగ్గర మొదలుపెట్టాలి.

ఇక్కత్ చీర మీద పూవు మగ్గం మీద పుట్టదు. ఎక్కడ ఎరుపు రావాలి, ఎక్కడ తెలుపు మిగలాలి అన్నది దారం మగ్గానికి చేరకముందే తేలిపోవాలి. అందుకోసం దారాన్ని ముందు లెక్క ప్రకారం పరచుకోవాలి. అదే ఆసు పోయడం. ఒక చట్రం, దానికి ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. ఇటు మేకు నుంచి అటు మేకుకు దారం తీసుకెళ్లి, చుట్టి, వెనక్కి రావాలి. ఒక్క చీరకు చెయ్యి ఇలా దాదాపు తొమ్మిది వేలసార్లు తిరుగుతుంది. నాలుగైదు గంటలు. భుజం లాగుతుంది, మోచెయ్యి పట్టేస్తుంది, సన్నదారం మీద నిలిపిన కళ్లు మండుతాయి. వంటకు, నీళ్లకు, పిల్లాడికి మధ్యలో లేస్తే లెక్క ఎక్కడ ఆగిందో గుర్తుండాలి. తరతరాలుగా ఇది ఆడవాళ్ల పని.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడ్డ నొప్పి ఇదే. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. చీర ఆసు గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద విషయం, ఆ యంత్రం ఉన్న ఇంట్లో పెళ్లయి వచ్చిన అమ్మాయికి రోజులో ఒక పూట మిగలడం.

ఆసు దిగిన దారాన్ని చట్రానికి బిగించి గీతలు గీస్తారు. రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పేలికలు గట్టిగా కడతారు. అదే చిటికి. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు ఇంకోచోట మళ్లీ కడతారు. ఈ పనికి భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుంటారు. మగ్గం నడుస్తున్నప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడదు. చిటికి దగ్గర చప్పుడు లేదు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే నోటికి తీరిక. పక్కన ఫోన్లో పాటలు. పెళ్లయిన కొత్తలో ఒకరి సంగతులు ఒకరికి తెలిసేది ఎక్కువగా ఇక్కడే. అత్తింటి మాటలు, చీటీ డబ్బుల లెక్కలు, యాదగిరిగుట్టకు ఎప్పుడు పోదామన్న ముచ్చట, అలకలు అన్నీ ఆ చట్రం మీదుగానే నడుస్తాయి. నేత ఇంట్లో పనికీ సరదాకీ మధ్య గోడ ఉండదంటే బయటివాళ్లకు నమ్మబుద్ధి కాదు.

తర్వాత కండెలు. పడుగులోంచి అటూ ఇటూ ఆడే నాడెలో ఇమిడే ఈ చిన్న గొట్టాలకు దారాన్ని వరుస ప్రకారం చుట్టాలి, వరుస ప్రకారమే అందించాలి. ఒక కండె అటుదిటైతే పూవు విరుగుతుంది. ‘కండెలు అయిపోయినయ్’ అని మగ్గం మీంచి కేక పడేలోగా అవి సిద్ధంగా ఉండాలి. అతని పనీ తక్కువది కాదు. పేక పడ్డ ప్రతిసారీ అంచు దగ్గర దారాన్ని వెంట్రుకవాసి అటో ఇటో లాగి పూవు అంచు కలపాలి. ఏమరుపాటు పనికిరాదు. ఒక పడుగు మీద సాధారణంగా ఏడో ఎనిమిదో చీరలు. అన్నీ దిగేసరికి నెల దాటిపోతుంది.

చీరలు అప్పజెప్పాక, పని ఇచ్చిన మాస్టర్ వీవర్ మజూరీ కడతాడు, చీరకు ఇంత అని. నా మనసు ఒప్పుకోనిది ఇక్కడే. ఆసు బయట పోయిస్తే దానికి ధర ఉంది, ఇచ్చి తీరాలి. అదే ఆసు ఇంట్లో భార్య పోస్తే ధర లేదు. కండెలకూ అంతే. ఇద్దరి కష్టం ఒక మొత్తమై ఒకరి చేతిలో పడుతుంది. 2019–20 జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు, వారిలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లు. అయినా నేతగాడు అనగానే మన కళ్లముందు మగవాడే నిలబడతాడు.

వానాకాలం ఈ ఇళ్లకు కష్టకాలం. గుంత మగ్గం నేలలోకి దిగి ఉంటుంది. నేతగాడు అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలి తొక్కుతాడు. నేల చెమ్మ దారాన్ని తెగనివ్వదని పెద్దలు అలా అమర్చారు. ముసురు పట్టినప్పుడు ఆ గుంతలోకే ఊట దిగుతుంది. గిన్నెలతో తోడిపోస్తూ, పడుగు తడవకుండా ప్లాస్టిక్ పట్టా కప్పుతూ రాత్రులు గడుస్తాయి. రంగు వేసిన దారం ఆరదు. నూలు నేసే ఇళ్లలో పడుగును వీధిలో పొడవునా సాగదీసి గంజి పట్టించాలి, ఆకాశం తెరిపివ్వందే అది కుదరదు. పని లేని రోజుకు మజూరీ లేదు. భార్య ఆషాఢం గడిపి తిరిగి వచ్చేది ఈ తడి ఇంటికే.

శ్రావణంతో ఇల్లు మళ్లీ లేస్తుంది. పెళ్లి ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతాలు, చీరలకు గిరాకీ. శ్రావణ పున్నమి పద్మశాలీలకు నూలు పున్నమి, కొత్త జంజం వేసుకునే రోజు. 2015 నుంచి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం కూడా చేరింది. అయితే ఏడాది మొత్తంలో ఆమెకు హక్కుగా దక్కేది బతుకమ్మ. తొమ్మిది సాయంత్రాలు ఆసు ముందు ఆమె కనబడదు, ఎందుకని ఎవరూ అడగరు. గునుగు, తంగేడు తేవడానికి అతనే చెరువు గట్టుకు పోతాడు. పెళ్లయ్యాక తొలి బతుకమ్మకు పుట్టింటికి పిలుపు వస్తే ఇంకా సంబరం. దసరాకు మగ్గానికి పూజ, నాడెకు బొట్టు. మామూలు నెలల్లో మగ్గానికి అమావాస్య సెలవు. సినిమా, గుట్ట దర్శనం, చుట్టాలిల్లు ఏదైనా ఆ ఒక్కరోజులోనే ఇమడాలి.

చలికాలం నేతకు మంచికాలం. దారం తెగదు, రంగు ఆరుతుంది, మాఘం పెళ్లిళ్లకు చీరలు కావాలి. దీపాలు పెట్టాక కూడా మగ్గం ఆడుతూనే ఉంటుంది. ఎండాకాలం వ్యవహారం వేరు. గాలి పొడిబారి దారం పుటుక్కున తెగుతుంది. తెల్లవారకముందే మగ్గమెక్కి, గుంతలో నీళ్లు చిలకరించుకుంటూ పొద్దెక్కేదాకా నేస్తారు. నడిమధ్యాహ్నం ఇద్దరికీ ఒకేసారి కన్ను మూతపడే వేళ ఏడాదిలో ఇదొక్కటే.

దుకాణాల్లో ఇక్కత్ పూలను అచ్చువేసిన నకిలీ చీరలు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. తిప్పి చూస్తే తెలిసిపోతుంది. దారంలోనే రంగు ఉన్న చీరకు రెండు వైపులా ఒకే నిగ్గు, అచ్చువేసినదానికి వెనక వెలవెల. కొనేవాళ్లు ఆ మాత్రం తిప్పి చూడకపోతే ఈ జంటలు ఎంత కష్టపడీ నిలబడలేవు.

2017లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో మజూరీలో 8 శాతం పనివారు దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం కలిపింది. మగ్గం మీద కూర్చున్నవారితో పాటు ఆసు, కండెల వంటి అనుబంధ పనులు చేసేవారికీ అందులో చోటిచ్చారు. ఆమె చేసేదీ పనేనని ఒక సర్కారు కాగితం ఒప్పుకుంది, అది చిన్న సంగతి కాదు. ఆసు యంత్రం మిగిల్చిన పూటలో ఇప్పుడు కొందరు ఆడవాళ్లు తామే మగ్గమెక్కుతున్నారు. ముందుగదిలో మంచం వెనక్కి జరుగుతుంది, రెండో మగ్గం దిగుతుంది. ఆ మగ్గం మీద దిగిన చీరల మజూరీ ఆమె పేరున, ఆమె బ్యాంకు ఖాతాలో పడాలి. మొదటి మగ్గానికి ఆమె పోసిన ఆసుకూ, చుట్టిన కండెలకూ బయట ఎంత ఇస్తారో అంతా విడిగా కట్టివ్వాలి.