స్విచ్‌లు బాగున్నాయి, చిప్పే పోయింది

జంషెడ్‌పూర్ సాక్చి బజారు లాంటి చోట దరఖాస్తులు టైపు చేసిపెట్టే దుకాణంలో పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మొరాయిస్తే ఆ రోజు బేరం పోయినట్టే. పారేసేముందు విప్పి చూడటం మేలు. అందులోని చెర్రీ స్విచ్‌లు 5 కోట్లసార్లు నొక్కినా పనిచేసేలా తయారైనవి. కంట్రోలర్ చిప్‌కు అంత ఆయుష్షు ఉండకపోవచ్చు.

104 కీలకు 104 తీగలు ఉండవు. అడ్డం, నిలువు గీతల గళ్లలో ఏ రెండు కలిశాయో చూసి కంట్రోలర్ అక్షరాన్ని గుర్తిస్తుంది. బోర్డులో 8 అడ్డం, 16 నిలువు గీతలుంటే 24 పిన్‌లు కావాలి. చిన్న కీబోర్డులకు వాడే ప్రో మైక్రోలో ఉన్నవి 18. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలో 26 ఉన్నాయి. ఉచితంగా దొరికే క్యూఎంకే ఫర్మ్‌వేర్ దానిమీద నడుస్తుంది. సోల్డరింగ్ కన్నా, మల్టీమీటర్ పట్టుకుని ఏ కీ ఏ గీతమీద ఉందో రాసుకోవడమే అసలు చాకిరీ. అయితే ఇదంతా కేబుల్ మార్చి చూశాకే.