భూగర్భజలమునకు జమాఖర్చు

గ్రామాభివృద్ధి యనగా క్రొత్త యంత్రములను తెచ్చుటయే యని కొందఱును, పూర్వాచారములను విడువకుండుటయే యని మఱికొందఱును తలంచుచున్నారు. ఈ రెండును కలిసినప్పుడే ఊరి కంతకును మేలు కలుగునని మా యభిప్రాయము. ఇందులకు దృష్టాంతముగా భూగర్భజలపు లెక్కను రైతు సోదరులకు వివరించెదము.

చెఱువు క్రింద సాగుచేయు చోట్ల నీరు కంటికి కనబడును. తూము తీయుటకు నీరుకట్టు ఉండెను. నీరు చాలని యేట ఎవరి మడికి ఎంత పాఱవలెనో ఊరివారు కట్టుబాటు చేసికొనుచుండిరి. ఆ కట్టుబాటులో స్త్రీలకును దళితులకును పెక్కు గ్రామములందు మాట చెల్లకుండెను, అది లోపమే. అయినను నీరు ఉమ్మడి సొత్తు అను భావము నిలిచియుండెను.

బోరు వచ్చిన పిమ్మట ఎవరి మోటారు వారిదైనది, కాని అడుగుననున్న నీరు మాత్రము వేఱు కాలేదు. ఒకరు లోతుగా వేయించినచో ప్రక్కవాని బోరు తగ్గును. అతడు అప్పుచేసి అంతకంటె లోతునకు పోవును. బోరు ఎండినను అప్పు ఎండదు. ఈ పోటీలో ముందుగా చెడువాడు చిన్న రైతు.

ఇక లెక్కను చూతము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్ల నీరగును. వరి పైరుకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లు. వేరుసెనగకు సుమారు 500 మిల్లీమీటర్లు, అనగా 20 లక్షల లీటర్లు చాలును. గట్టిరాతి నేలలందు కురిసిన వానలో సుమారు పదవవంతు మాత్రమే భూగర్భమునకు చేరును. ఏటికి 550 మిల్లీమీటర్లు కురియు చోట ఆ జమ 55 మిల్లీమీటర్లే. కావున బోరు నీటితోనే ఒక ఎకరము వరి పండింపవలెనన్న ఇరువది ఎకరములకు మించిన నేల జమచేసిన నీరు కావలెను. మడిలో పెట్టిన నీటిలో కొంత మరల ఇంకునన్నను, ఊరంతయు వరి వేయుట సాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

ఈ లెక్కను రైతులే వేసికొనగలరని 2003వ సంవత్సరము తరువాత రుజువైనది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో రైతులే నడపిన భూగర్భజల పథకమొకటి జరిగెను. ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ అందులకు తోడ్పడెను. స్త్రీలును పురుషులును వానను, బావులలోని నీటిమట్టమును కొలిచి ఊరిలోని పలకపై వ్రాసిరి. రబీకి ముందు సభచేరి ఊరి జమను, వేయదలచిన పైరుల ఖర్చును సరిచూచిరి. ఎవరిని ఏ పైరు వేయవలదని శాసింపలేదు. లెక్క చూచి ఎవరి నిర్ణయము వారు చేసికొనిరి.

దీనికి కావలసిన సాధనములు స్వల్పములు. వానకు కొలతపాత్ర యొకటి. నీటిమట్టమునకు, నీరు తగులగానే మ్రోగునట్టి కొలతతీగ యొకటి. బోరు ధారను కొలుచుటకు 200 లీటర్ల పీపా చాలును. అది 100 సెకనులలో నిండినచో గంటకు 7,200 లీటర్లు వచ్చుచున్నవన్నమాట.

సాధనములకంటె ముఖ్యమైనది అందఱకును అర్థమగు భాష. మన రైతు వానను పదునులతోను, కాలమును కార్తెలతోను లెక్కించును. పలకపై మిల్లీమీటర్ల ప్రక్కనే, మృగశిర మొదలు స్వాతి వఱకు ఏ కార్తెలో ఎన్ని పదునులు కురిసెనో వ్రాసినచో చదువు తక్కువైన వారికిని చదివి చెప్పిన వెంటనే బోధపడును. బుఱ్ఱకథకుడు చెప్పినచో రచ్చబండ యొద్ద అందఱును విందురు.

2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము బోరులకు కొన్ని నిబంధనలను విధించినది. కాని తమ నీటిని తామే కొలిచికొనని ఊరిని చట్టమొక్కటియే కాపాడజాలదు.

సంఘములయందు రూపాయికి జమాఖర్చు వ్రాయుట మనకు క్రొత్త గాదు. అట్లే నీటికిని వ్రాయుదము. స్వాతి కార్తెలో జరుపు సభకు బోరు లేనివారిని, కౌలుదార్లను, స్త్రీలను తప్పక పిలువవలెను. త్రాగునీటికిని పశువులకును ముందుగా కేటాయించి, మిగిలినదానినే పైరులకు లెక్కింపవలెను. క్రొత్త బోరునకు అప్పు కోరు సభ్యుడును, ఇచ్చు సంఘమును మొదట ఆ పలకను చూచుట ఉభయులకును క్షేమము.